ఇరవై నాలుగు సీసాలు, ముప్పై రెండు చొక్కాలు

సీసాలు నిద్రపోతున్నాయి కాబట్టి ఇంట్లో కుట్టుమిషన్ తొక్కకూడదని శుక్రవారం పొద్దున్నే స్టోర్‌కీపర్ ఆర్డరు వేశాడు. మాటవరసకు అనేసి ఊరుకున్నాడనుకునేరు. కాగితం మీద రాసి, కింద సంతకం గీకి, తేదీ వేసి, వంటింటి తలుపుకు అతికించాడు. ‘శుక్ర, శని, ఆదివారాలు మిషన్ బంద్. సరుకుకు కుదుపు తగలరాదు.’ పక్కనే నిలబడి టీ వడబోస్తున్న పెళ్లానికి చెప్పాల్సిన మాటను కూడా నోటీసు బోర్డుకు ఎక్కించే మహానుభావులు ఉంటారు. పదిహేనేళ్లు ఫ్యాక్టరీలో నోటీసులు చదివితే నోరు ఎందుకుందో మర్చిపోవడం వింతేమీ కాదు.

వీధివీధంతా టైలరమ్మ అని పిలిచే ఆ పెళ్లాం కాగితాన్ని రెండుసార్లు చదివింది. ఆవిడ కాళ్ల దగ్గర నీలం చొక్కాల గుట్ట ఉంది. ముప్పై రెండు. అన్నీ మొగుడు పనిచేసే పంపుల ఫ్యాక్టరీలో లోడర్లవే. మోచేతుల దగ్గర చిరిగినవి, భుజాల దగ్గర చీలినవి, చంకలో నోరు తెరిచినవి. సోమవారం పొద్దున గేటు దగ్గర తనిఖీ. చిరుగు కనబడితే మనిషిని వచ్చిన దారినే వెనక్కి పంపుతారు, ఆ రోజు కూలి హుష్‌కాకి. కొత్త చొక్కాలు ఎప్పుడిస్తారయ్యా అంటే వచ్చే ఏడాది. ఆ వచ్చే ఏడాది మూడేళ్లుగా వస్తూనే ఉంది.

“సీసాలు నిద్రపోవడమేంటండీ? వాటికి పొద్దున్నే డ్యూటీ ఏమైనా ఉందా?” అంది టైలరమ్మ.

“నీకు తెలీదే. కుదిపితే లోపల మడ్డి కదులుతుంది. ఆదివారం మేనేజర్‌గారొస్తున్నారు. అప్పటికి వైన్ కుదురుకోవాలి.”

“మరి ఈ చొక్కాలు కుదురుకోవద్దా?”

“చేత్తో కుట్టు. చేతికి చప్పుడుండదు.”

అంత తెలివైన సలహా ఇచ్చాక మగాడు ఇంట్లో ఉండడు. టిఫిన్ డబ్బా తీసుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు.

ఈ పిచ్చి నెల కిందట మొదలైంది. ఫ్యాక్టరీకి కొత్త మేనేజర్ వచ్చాడు. ఆయన ఇంట్లో నేల కింద వైన్ సీసాలు దాచుకునే చల్లటి గది ఒకటుందట. మీటింగుకు నాలుగుసార్లు ఆ గది ప్రస్తావన తేకపోతే ఆయనకు మీటింగు అయినట్టే ఉండదు. ఒకరోజు స్టోర్స్ ఇన్‌చార్జ్ కుర్చీ ఖాళీ అయిందన్న మాట వచ్చింది. మేనేజర్ పెన్ను మూత తిప్పుతూ, “ఒక మంచి వైన్ సెల్లార్‌ను చూసుకోగలిగినవాడు ఎంత పెద్ద స్టోర్‌నైనా చూసుకోగలడు” అన్నాడు. ఊరికే అన్నాడు. ఆయన అన్నీ ఊరికే అంటాడు. కానీ మూడో వరసలో కూర్చున్న మన స్టోర్‌కీపర్ గుండెలో ఆ మాట మేకులా దిగింది. లేచి నిలబడి, “నాక్కూడా ఉంది సార్, చిన్న సెల్లార్” అనేశాడు.

“వెరీ గుడ్. ఒక ఆదివారం వచ్చి చూస్తా” అన్నాడు మేనేజర్.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి పెళ్లానికి చెప్తే ఆవిడ మొదట, “సెల్లారంటే బళ్లు పెట్టుకునే చోటు కదండీ? మనకి సైకిలే కదా ఉంది” అంది.

ఆ శనివారం ఇద్దరూ బజారులో వైన్ షాపుకు వెళ్లారు. సంచులు మోయడానికి టైలరమ్మ, తెలివి మోయడానికి స్టోర్‌కీపర్. కౌంటర్ వెనక కళ్లద్దాలు జుట్టులోకి తోసుకున్న నడివయసు ఆవిడ ఉంది. ఈయన ఆవిణ్ని బేరింగులు సప్లై చేసే కంపెనీవాణ్ని అడిగినట్టు అడిగాడు.

“బ్యాచ్ నంబరెక్కడుంటుంది? ఎక్స్‌పైరీ ఎన్నాళ్లు?”

“ఎక్స్‌పైరీ మనకుంటుంది సార్, దీనికి కాదు” అంది షాపావిడ. “ఎవరికోసం కొంటున్నారు?”

“సెల్లార్ కోసం.”

“తాగేది ఎవరని అడుగుతున్నా.”

స్టోర్‌కీపర్ జేబులో పెన్ను వెతుక్కున్నాడు. టైలరమ్మ కిసుక్కున నవ్వింది. షాపావిడ ఆవిణ్ని చూసి, ఇక మాటలన్నీ ఆవిడతోనే మొదలుపెట్టింది. ఎవరికి బుర్ర ఉందో వ్యాపారం చేసేవాళ్లకు చప్పున తెలుస్తుంది.

“చూడమ్మా, తక్కువ ధరలో మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. రెండు డజన్లు కొనండి. అందులో పద్దెనిమిది ఈ ఏడాదే తాగేయండి. చవక వైన్ దాచితే బాగుపడదు, నీరసపడుతుంది. ఆరు మాత్రం ఉంచండి. నోట్లో పెట్టగానే వగరు కొట్టేది, పళ్లు పులిసేది, అలాంటివే నిలబడతాయి. మెత్తగా, తియ్యగా ఉన్నది మొదటే అలిసిపోతుంది.”

“మనుషుల్లాగే” అంది టైలరమ్మ.

“అంతేనమ్మా. ఒక్కో రకం మూడేసి తీసుకోండి. ఒకటి ఇప్పుడు, ఒకటి వచ్చే ఏడాది, ఇంకోటి ఆపై ఏడాది. ఏం మారిందో మీ నాలుకే చెప్తుంది, పుస్తకాలక్కర్లేదు. ఇంకో మాట. పేరుమోసిన ఊరి వైన్ కొనొద్దు. దాని పక్కూరిది కొనండి. అదే ఎండ, అదే మన్ను, ఊరి పేరుకి మాత్రం బిల్లు పడదు.”

స్టోర్‌కీపర్‌కు ఇదంతా ఎక్కలేదు. తాగేసేదాన్ని సెల్లార్ అనడమేంటని ఆయన బాధ. “ఇంతకీ దాచడం ఎలా?” అన్నాడు విసుగ్గా.

“కార్కు ఉన్నవి పడుకోబెట్టండి, కార్కు ఎండకుండా. మరమూతవి నిలబెట్టినా పర్లేదు. పదమూడు డిగ్రీలు, అటూ ఇటూగా. చల్లదనం, చీకటి, కుదురు. ఈ మూడే.”

చల్లదనం, చీకటి, కుదురు. స్టోర్‌కీపర్ జేబు పుస్తకంలో రాసుకున్నాడు. రాసుకుంటుంటే ఆయన ముఖం వెలిగింది. ఆ వెలుగు ఎటు పడబోతోందో టైలరమ్మకు వెంటనే అర్థమైంది. ఆ ఇంట్లో చల్లగా, కుదురుగా ఉండే చోటు ఒక్కటే ఉంది. చీకటి చెయ్యడానికి ఒక అట్టముక్క చాలు.

డాబా మెట్ల కింద ఉన్న గది అది. గది అనడం కాస్త పెద్దమాట. తల వంచి దూరాలి, లోపల ఒక మిషన్, ఒక స్టూలు, ఒక మనిషి పడతారు. కానీ ఎండ తగలని వైపు చిన్న కిటికీ ఉంది. నేల నున్నటి సిమెంటు. పదకొండేళ్లుగా టైలరమ్మ అక్కడే కుట్టింది. ఆ కిటికీ వెలుతురులోనే సూదిలో దారం ఎక్కించింది. ఇల్లు నడపడంలో సగం బరువు ఆ ఆరడుగుల నేల మోసింది. ఆ సంగతి ఏ రిజిస్టర్‌లోనూ రాయలేదు కాబట్టి స్టోర్‌కీపర్ దృష్టిలో అది ఖాళీ జాగా.

మర్నాడే ఇద్దరు లోడర్లను పిలిపించి మిషన్ బయట పెట్టించాడు. వచ్చిన ఇద్దరిలో ఒకడు లోడర్ల మేస్త్రీ. ఇనుపకాళ్ల పాతకాలం మిషన్ అది. చెరోవైపు పట్టుకుని, మెట్ల కింద నడుం వంచి, గోడకు గీత పడకుండా వెనక వరండాలోకి మోసుకొచ్చారు.

“ఏంటక్కా, నిన్ను ట్రాన్స్‌ఫర్ చేశాడా మా సారు?” అన్నాడు మేస్త్రీ చెమట తుడుచుకుంటూ.

“అవును తమ్ముడూ. నా పోస్టులో సీసాల్ని వేశారు.”

“మరి మా చొక్కాలు?”

“ఇస్తాలే. ఎట్లాగో ఇస్తా.”

ఎట్లాగో అన్నదే చిక్కు. వరండాకు రేకు కప్పు. పగలంతా పెనంలా కాలుతుంది. రాతిపలకల నేల ఎగుడుదిగుడు. కాలు వేసి తొక్కితే మిషన్ కాలువిరిగిన మంచంలా ఊగుతుంది. లోడర్ల చొక్కాలు మందపాటి డ్రిల్ బట్ట. ఊగే మిషన్ మీద ఆ బట్ట పెడితే సూది టప్పున విరుగుతుంది. అయిదు సూదులు విరిగేసరికి తొమ్మిది చొక్కాలు తయారయ్యాయి. ఈలోగా ఈ నిద్ర నోటీసు.

గదిలో స్టోర్‌కీపర్ ఘనకార్యం ఇంకోటి చేశాడు. అది తెలియాలంటే ఆయన గొప్పతనం కాస్త తెలియాలి. మూడేళ్ల కిందట వానలకు ఫ్యాక్టరీ స్టోర్ చెమ్మగిల్లి, పెట్టెల మీద లేబుళ్లన్నీ కుళ్లిపోయాయి. ఏ పెట్టెలో ఏముందో ఎవడికీ తెలియలేదు. ఒక్క మన స్టోర్‌కీపర్ సరుకు మాత్రం భద్రం. ఎందుకంటే ఆయన సరుకు రాగానే కాగితం లేబుల్ ఊడబెరికి, తెల్ల పెయింటుతో సొంత నంబరు వేస్తాడు. దానికి సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. అద్దం కట్టించి హాల్లో వేలాడదీశాడు. అంచేత మెట్ల కింద గదిలోకి వచ్చిన ఇరవై నాలుగు సీసాల్నీ ఆయన బకెట్లో నానబెట్టి, లేబుళ్లు చివర చిరగకుండా ఊడదీసి, సీసాల మెడకింద పెయింటు నంబర్లు వేశాడు. ఎర్ర-1, ఎర్ర-2, తెల్ల-1, తెల్ల-2. ఏది ఏమిటో రిజిస్టర్‌లో ఎక్కించాడు. రిజిస్టర్‌ను ఫ్యాక్టరీ స్టోర్ బీరువాలో పెట్టి తాళం వేశాడు. రిజిస్టర్ అన్నది స్టోర్ గడప దాటకూడదని ఆయన రూలు. ఊడిన లేబుళ్ల బొమ్మవైపు మూలన పెన్సిలుతో నంబరు వేసి, ఆరబెట్టి, బిస్కెట్ల డబ్బాలో పడేశాడు. పారేయడం ఆయన రక్తంలో లేదు.

టైలరమ్మకు ఆ డబ్బా కనబడింది. మంచి మందపాటి కాగితం, వెనకవైపు తెల్లగా. ఆవిడకు కావలసింది అదే. ముప్పై రెండు నీలం చొక్కాలు కలిస్తే కన్నతల్లి కూడా కొడుకు చొక్కా గుర్తుపట్టలేదు. ఒక్కో లేబుల్ తీసి, బొమ్మవైపు బట్టకు ఆనేలా, కాలరు లోపల నాలుగు మూలలా టాకాలు వేసి, పైకి కనబడే తెల్లవైపు మనిషి గుర్తు రాసింది. పొడుగు. బొంగురుగొంతు. ఎడంచెయ్యి. నిద్రమొహం. ఇరవై నాలుగు లేబుళ్లు అయిపోయాక మిగతా ఎనిమిదింటికి పాత క్యాలెండర్ ముక్కలు.

శుక్రవారం, శనివారం చేత్తోనే కుట్టింది. డ్రిల్ బట్టలోంచి చేతిసూది లాగడమంటే గోడలోంచి మేకు లాగడమే. రెండు రోజులకు నాలుగు చొక్కాలు. కుడిచేతి చూపుడువేలికి గుడ్డపీలిక చుట్టుకుంది. ఇంకా పంతొమ్మిది మిగిలాయి. మెట్ల కింద సీసాలు మాత్రం హాయిగా, చల్లగా, చీకట్లో, ఎవరి చొక్కాతోనూ పనిలేకుండా పడుకున్నాయి.

ఆదివారం పదకొండు గంటలకు మేనేజర్ వచ్చాడు. మెడలో తెల్ల మఫ్లరు, చేతిలో తన సొంత గాజు గ్లాసు. వేరేవాళ్ల గ్లాసుల్లో ఆయనకు వాసన తెలియదట. స్టోర్‌కీపర్ వంగి వంగి మెట్ల కిందకి దారి చూపించాడు. మేనేజర్ తల వంచడం మర్చిపోయి గుమ్మానికి కొట్టుకున్నాడు. పైకి మాత్రం, “నైస్. పాతకాలం సెల్లార్లు ఇలాగే ఉంటాయి” అన్నాడు.

టార్చి వేసి చూశాడు. స్క్రాపు ఇనుప యాంగిళ్లతో చేసిన అర. అందులో వరసగా, మిలిటరీ బ్యారక్‌లో సిపాయిల్లా ఇరవై నాలుగు సీసాలు. ఒక్కదానికీ మొహం లేదు.

“లేబుల్సేవయ్యా?”

“తీసేశాను సార్. చెమ్మకి కుళ్లిపోతాయని. కోడింగు చేశాను సార్.”

మేనేజర్ టార్చి ఆ చివర నుంచి ఈ చివరకి ఇంకోసారి తిప్పాడు. “సరే, ఒకటి తియ్యి” అన్నాడు. ముందొచ్చిన సరుకు ముందు పోవాలన్నది స్టోర్ రూలు. కాబట్టి స్టోర్‌కీపర్ ఎర్ర-1 తీసి, హాల్లోకి తెచ్చి, కార్కు లాగి, గ్లాసులో పోశాడు. మేనేజర్ గ్లాసు తిప్పాడు. వెలుతురుకు పట్టుకున్నాడు. ముక్కు లోపల పెట్టాడు. ఒక గుక్క నోట్లో పోసుకుని కాసేపు పుక్కిలించినట్టు తిప్పి మింగాడు. స్టోర్‌కీపర్ పరీక్ష ఫలితాల ముందు నిలబడ్డ పిల్లాడిలా చేతులు కట్టుకున్నాడు.

“ఎలా ఉంది సార్?”

“ఇదేంటి?”

“ఎర్ర-1 సార్.”

“అది కాదయ్యా. పేరేంటి? ఏ ఊరిది? ఏ ఏడాదిది?”

“రిజిస్టర్‌లో ఉంది సార్.”

“తెప్పించు.”

“స్టోర్‌లో ఉంది సార్. ఆదివారం కదా, తాళం. రిజిస్టర్ స్టోర్ దాటకూడదని సర్క్యులర్ ఉంది సార్. మొన్న మీరే సంతకం పెట్టారు.”

మేనేజర్ ఇంకో గుక్క తాగాడు. మొహంలో ఏమీ లేదు. నచ్చిందో లేదో ఆయనకే తెలియడం లేదు.

“బాగుందా సార్?” అన్నాడు స్టోర్‌కీపర్.

“లేబుల్ చూడకుండా ఎలా చెప్తామయ్యా?”

ఇరవై ఏళ్లుగా వైన్ తాగుతున్న పెద్దమనిషి! నాలుక నోట్లో ఉంది, వైన్ నాలుక మీద ఉంది. బాగుందో లేదో మాత్రం కాగితం వచ్చి చెప్పాలి. మనుషుల్ని కూడా ఆయన ఇలాగే చూస్తాడని వేరే చెప్పక్కర్లేదు.

అప్పుడు వరండాలోంచి టైలరమ్మ గొంతు వినిపించింది. “లేబుళ్లిక్కడున్నాయండీ.”

ఇద్దరూ వరండాలోకి పరిగెత్తారు. నీలం గుట్ట పక్కన పీట మీద కూర్చుని ఆవిడ దారం కొరుకుతోంది. సంగతి వివరంగా చెప్పింది. ఒక్కో లేబుల్ ఒక్కో చొక్కా కాలరులో, బొమ్మ లోపలికి, పేరు పైకి.

“ఏంటే నువ్వు చేసింది!” అని స్టోర్‌కీపర్ నెత్తి పట్టుకున్నాడు.

“డబ్బాలో ఉన్నాయి కదా, ఎవరికీ పనికిరావనుకున్నా.”

కుట్టడం అయిపోయిన పదమూడు చొక్కాల మీద చాక్‌తో గుర్తులు రాసి, టాకాలు విప్పి లేబుళ్లు ఇచ్చింది. ఎర్ర-9, తెల్ల-4, ఎర్ర-12... ఎర్ర-1 లేదు.

“మిగతావి కూడా విప్పేసెయ్యమ్మా” అన్నాడు మేనేజర్.

“విప్పితే ఎవరి చొక్కా ఎవరిదో కలిసిపోతుంది సార్. మిషన్ కింద అటూ ఇటూ తిప్పి కుట్టేలోపే చాక్ గుర్తు రాలిపోతుంది. రేపు పొద్దున పొడుగాయనకి పొట్టాయన చొక్కా వస్తుంది. ఈ పంతొమ్మిది మందినీ గేటు దగ్గర వెనక్కి పంపుతారు. మీ లారీలు ఎవరు లోడు చేస్తారు సార్? మీరూ ఈయనా చేస్తారా?”

సోమవారం పన్నెండు లారీలు ఉన్నాయి. ఆ లెక్క మేనేజర్‌కు లేబుల్ చూడకుండానే తెలుసు.

“కుట్టడం ఎంతసేపు పడుతుంది?”

“చేత్తో అయితే ఎల్లుండికి. ఇక్కడ మిషన్ మీదైతే ఉన్న రెండు సూదులూ విరిగేదాకా. నా గదిలో అయితే మూడు గంటలు.”

“మరి నీ గదిలోనే కుట్టవమ్మా!”

“నా గదిలో సీసాలు పడుకున్నాయి సార్.”

స్టోర్‌కీపర్ తన బొటనవేలి గోరు పరిశీలించుకున్నాడు. మేనేజర్ చేతిలో గ్లాసు ఉంది. అందులో వైన్ ఉంది. అది బాగుందో లేదో తెలియకుండా ఇంటికి వెళ్లడం ఆయన వల్ల కాలేదు.

“సీసాలు బయటపెట్టవయ్యా. మిషన్ కుదుపుకి అక్కడుంటే పాడైపోతాయి” అన్నాడు.

స్టోర్‌కీపర్ సీసాలను పసిపిల్లల్లా ఒక్కొక్కటీ ఎత్తుకొచ్చి హాల్లో గోడవారన పెట్టాడు. కిటికీకి అడ్డంపెట్టిన అట్ట టైలరమ్మే చింపేసింది. ఇక మిషన్. ఆదివారం, లోడర్లు లేరు. మేనేజర్ మఫ్లరు తీసి కుర్చీ మీద వేశాడు. చెరోవైపు పట్టారు. మూడడుగులు వెయ్యగానే దించారు. మళ్లీ ఎత్తారు. మళ్లీ దించారు. గోడకు రెండు గీతలు పడ్డాయి.

“ఇదెంత బరువయ్యా బాబూ!” అన్నాడు మేనేజర్ నడుం పట్టుకుని.

“మీ చిన్నసైజు పంపు పెట్టెంత సార్. మేస్త్రీవాళ్లు రోజుకి రెండొందలు ఎత్తుతారు” అంది టైలరమ్మ.

మిషన్ తన చోట కూర్చుంది. నాలుగు కాళ్లూ నేలకు ఆనాయి. టైలరమ్మ స్టూలు లాక్కుని, కిటికీ వెలుతురులో దారం ఎక్కించి, కాలు వేసింది. ఆ చప్పుడు విని పక్కింటివాళ్లు కూడా ఊపిరి పీల్చుకుని ఉంటారు. మిషన్ కదలలేదు. సూది డ్రిల్ బట్టలోకి వెన్నలోకి దిగినట్టు దిగింది.

గుమ్మం బయట స్టూలు మీద మేనేజర్ కూర్చున్నాడు. చొక్కా అయినప్పుడల్లా టైలరమ్మ చాక్‌తో గుర్తు వేసి బయటికి విసురుతుంది. స్టోర్‌కీపర్ టాకాలు విప్పుతాడు. మేనేజర్ లేబుల్ చదివి పక్కన పెడతాడు. తీరిక సమయంలో, ఊరికే, గుర్తుపట్టడానికని చెప్పి, సీసాలోంచి ఇంకాస్త పోసుకుంటాడు.

“ఇవన్నీ భుజం దగ్గరే ఎందుకు చిరిగాయి?” అని ఒకసారి అడిగాడు.

“మీ పెట్టెలకి ఇనుపపట్టీలు ఉంటాయి కదా సార్. వాటి అంచులు.”

“జాగ్రత్తగా ఎత్తుకోవాలి.”

“చెప్తాను సార్.” మిషన్ కాసేపు ఆడి ఆగింది. “సార్, సీసాలకి పదమూడు డిగ్రీలు కావాలట కదా. మీ లోడింగ్ షెడ్డులో ఎన్ని డిగ్రీలుంటాయి?”

“షెడ్డులో థర్మామీటర్ లేదమ్మా.”

“ఓహో. అందుకే తెలియలేదన్నమాట.”

స్టోర్‌కీపర్ కళ్లతో బతిమాలాడు, ఇక ఆపవే అన్నట్టు. ఆవిడ ఆపింది మాటల్నే, మిషన్ని కాదు.

మూడు గంటలు అనుకున్నది మూడుంపావు పట్టింది. ఎర్ర-1 లేబుల్ ఆఖరి చొక్కాలో దొరికింది. మేస్త్రీది. ఆ చొక్కా గుట్టకు అడుగున ఎందుకుందో, ఎవరు పెట్టారో, స్టోర్‌కీపర్‌కు తట్టలేదు. ఆయనకు పైనున్నదే ముందు కనబడుతుంది.

మేనేజర్ లేబుల్ రెండు చేతులా పట్టుకుని చదివాడు. ఏ పేరూ మొయ్యని ఏదో పక్కూరి వైన్. నిరుటి పంట. మూలన షాపువాళ్లు అంటించిన పసుపు చుక్క, దాని మీద ‘ఈ వారం తగ్గింపు’ అని. షాపావిడ ‘ఈ ఏడాదే తాగేయండి’ అన్న పద్దెనిమిదిలో మొదటిది. సీసా వంక చూశాడు. సీసాలో అడుగున వేలెడు మడ్డి మిగిలింది. మిగతాదంతా ఆయన కడుపులోనే ఉంది.

“అనుకున్నా” అన్నాడు గ్లాసు కింద పెట్టి. “మొదటి గుక్కలోనే అనుకున్నా. బాగా పలచన.”

మఫ్లరు చుట్టుకుని, గుమ్మం దగ్గర ఆగి, స్టోర్‌కీపర్ భుజం తట్టాడు. “చూడవయ్యా, లేబుల్ లేని సరుకు సరుకే కాదు. ఇన్‌చార్జ్ సంగతి పరిశీలిద్దాం” అన్నాడు. ఫ్యాక్టరీలో పరిశీలించడం అంటే ఏమిటో వచ్చే ఏడాది వచ్చే కొత్త చొక్కాల్ని అడిగితే చెప్తాయి. తనిఖీ గురించి గానీ, ఇనుపపట్టీల అంచుల గురించి గానీ ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. నాలుగు గంటలు అన్ని చిరుగుల పక్కన కూర్చుని లేచివెళ్లాడు. మనసు మారడానికి అదేమైనా సినిమానా?

సోమవారం గేటు దగ్గర ముప్పై రెండు చొక్కాలూ లోపలికి వెళ్లాయి. సెక్యూరిటీవాడు ఒక్కొక్కణ్నీ అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు. తప్పు దొరకక నిద్రమొహం జుట్టు దువ్వుకోలేదని తిట్టి పంపాడు.

మధ్యాహ్నం స్టోర్‌కీపర్ షెడ్డుకు వచ్చాడు. పరిశీలనలో ఉన్నవాడు ఆశ వదులుకోడు కదా. సెల్లార్ మళ్లీ మొదటినుంచీ, ఈసారి లేబుళ్లతో సహా పెట్టాలని నిర్ణయించాడు.

“మేస్త్రీ, సాయంత్రం ఒకసారి ఇంటికి రా. ఇంకోణ్ని తెచ్చుకో. మిషన్ వరండాలోకి మార్చాలి.”

మేస్త్రీ పెట్టె దించి, నడుం మీద రెండు చేతులూ వేసుకుని, నొప్పిగా మొహం పెట్టాడు. “నడుం పట్టేసింది సార్, పొద్దుట్నుంచీ.”

“పోనీ పొడుగూ, నువ్వు రా.”

“నాకూ నడుమే సార్.”

బొంగురుగొంతుకు నడుం. ఎడంచేతివాడికి నడుం. నిద్రమొహానికి నడుముతో పాటు మెడ కూడా. ఆ రోజు పన్నెండు లారీలూ సాయంత్రంలోపు నిండి వెళ్లిపోయాయి గానీ, స్టోర్‌కీపర్ ఇంటి మిషన్ ఎత్తడానికి మాత్రం ముప్పై రెండు నడుముల్లో ఒక్కటీ వంగలేదు. మంగళవారం అడిగాడు, నడుమే. వారం తర్వాత అడిగాడు, నడుమే. ఇదేం అంటురోగమో కంపెనీ డాక్టరుకు చూపించుకోమన్నాడు. డాక్టరు పోస్టు కూడా వచ్చే ఏడాదేనని మేస్త్రీ గుర్తుచేశాడు.

ఇంట్లో పెళ్లాన్ని అడిగాడు. “నువ్వో చెయ్యి వెయ్యి. ఇద్దరం కలిసి జరుపుదాం.”

“దాన్ని లోపల పెట్టింది మీరూ, మీ మేనేజర్‌గారూ” అంది టైలరమ్మ కత్తెరకు నూనె రాస్తూ. “తియ్యాలంటే ఆయన్నే పిలవండి. ఇప్పుడు దారి కూడా తెలుసుగా.”

సీసాలు హాల్లోనే గోడవారన నిలబడ్డాయి. మెట్ల కింద మిషన్ ఆడినప్పుడల్లా అవి ఒకదానికొకటి తగిలి గలగలమంటాయి. ఒక సాయంత్రం పని ముగించి, దులుపుకుని, టైలరమ్మ వాటిలో చేతికి దొరికినదాన్ని తీసింది. నంబరు చూడలేదు. మరమూత తిప్పి, టీ గ్లాసులో పోసుకుని, మిషన్ ముందు స్టూలు మీద కూర్చుని ఒక గుక్క తాగింది. నాలుక మీద వగరు తగిలింది. పళ్లు కాస్త పులిశాయి.

“ఏంటే, తాగేస్తున్నావా? అదేంటో చూశావా?” అని హాల్లోంచి స్టోర్‌కీపర్ అరిచాడు.

“చూడక్కర్లేదండీ. బాగుంది.”